మిరప వైరస్ వచ్చిందా?

2020లో సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించి, ఊళ్లో ఎంతమందికి కరోనా సోకిందో అంచనా వేశారు. ఆ మరుసటి ఏడాది వేరే ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరిన నాకూ అదే మురుగు రాసిపెట్టి ఉంది.

ఉదయం 7 కల్లా మూసీ ఒడ్డున అంబర్‌పేట మురుగుశుద్ధి ప్లాంట్‌లో ఉండాలి. ఊరంతా బాత్‌రూముల్లో ఉండే వేళ కదా, సరుకు చిక్కగా వస్తుంది. ఇన్‌లెట్ జాలీకి షాంపూ ప్యాకెట్లు, గుడ్డపీలికలు చుట్టుకుని ఉంటాయి. తాడు కట్టిన బకెట్‌తో తోడి, సీసాలో పోసి, ఐస్ బాక్సులో పెట్టుకోవడమే. ముక్కు మూసుకుంటుంటే ఆపరేటర్ అన్న నవ్వాడు. "రెండ్రోజులేనమ్మా, తర్వాత టిఫిన్ కూడా ఇక్కడే తింటావు." నిజంగానే తిన్నాను.

ల్యాబ్‌లో శాంపిల్‌ని ముందు 60 డిగ్రీల దగ్గర గంటన్నర వేడిచేస్తాం. వడకట్టి, పీఈజీ అనే పాలిమర్, ఉప్పు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. వైరస్ అడుగున పేరుకుంటుంది. కానీ కంటికి సరిగ్గా ఆనదు. అందుకే ఎక్కడ పేరుకుంటుందో ట్యూబు మీద ముందే మార్కర్‌తో చుక్క పెట్టుకోవాలి. ఒకసారి మర్చిపోయి, పైనీటితో పాటు దాన్నీ పారబోశాను. మళ్లీ మొదటికొచ్చింది. ఆ తర్వాత ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యుపదార్థం) తీయడం, ఆర్‌టీపీసీఆర్ మామూలే. అందులో దాని నకళ్లు సైకిల్‌కోసారి రెట్టింపవుతూ పోతాయి; వైరస్ ఉంటే తెరమీద గీత పైకి లేస్తుంది.

మూడోవారం శాంపిల్‌లో గీతలన్నీ చదునుగా వచ్చాయి. కరోనా లేదని సంబరంగా చెబితే, మేడమ్ ఒక్కటే అడిగారు: "మిరప వైరస్ వచ్చిందా?"

మిర్చి మొక్కలకు తెగులు తెచ్చే వైరస్ అది. కారం, సాస్‌లతో మన కడుపులోకి వెళ్లి, ఏ హానీ చేయకుండా మలంలో బయటికొస్తుంది. అందుకే పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో దాన్ని బట్టి చూస్తారు. ఆవకాయ లేనిదే ముద్ద దిగని ఊరి మురుగులో అది లేకపోవడమేంటి! చూస్తే దాని గీతా చదునే. నాకు చెమటలు పట్టాయి.

మురుగులోని మలినాలు ఆర్‌ఎన్‌ఏతో పాటు వచ్చి నకళ్లు తీసే పీసీఆర్ ఎంజైమ్‌ని పనిచేయనివ్వలేదన్నమాట. మేడమ్ చెప్పినట్టు 10 రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టాను. మిరప వైరస్ గీత జామ్మని లేచింది. చాలాసేపటికి, 35వ సైకిల్ దగ్గర, కరోనాది కూడా.

శుద్ధిచేసి వదిలే నీళ్లనూ అదే రోజు పరీక్షించాం. వాటిలో కరోనా దొరకలేదు. మిరప వైరస్ మాత్రం అక్కడా ఉంది.