అమ్మమ్మకైతే అబద్ధం చెప్పొచ్చా?

గుంటూరు నుంచి వీడియో కాల్‌లో అమ్మమ్మ "గోంగూర పచ్చడి ఎలా ఉందిరా నాన్నా?" అంటుంది. బాగుందని చెప్పమని పక్కనుంచి మనం సైగ చేస్తాం. పిల్లాడు చెప్పడు. ఫోన్ పెట్టేశాక అడుగుతాడు: "అబద్ధం తప్పన్నావుగా, అమ్మమ్మకైతే కాదా?"

"అది వేరులే" అని దాటేస్తే, నీతి ఎవరికి తోచినట్టు వాళ్లదన్న మాటే వాడి బుర్రలో మిగిలిపోతుంది. నీతి మనిషిని బట్టి మారదు, సందర్భాన్ని బట్టి మారుతుంది. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ తేడా కథతో చెప్తేనే ఎక్కుతుంది.

మహాభారతం కర్ణపర్వంలో కౌశికుడు సత్యవ్రతం పట్టిన తపసి. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాక్కుంటే, వాళ్లెటు పోయారని దొంగలు అడిగిన వెంటనే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాళ్ల ప్రాణాలు పోయాయి, ఈయనకు నరకం ప్రాప్తించింది. హంతకుడు వచ్చి నీ స్నేహితుడు ఇంట్లో ఉన్నాడా అని అడిగినా సరే, అబద్ధమాడకూడదని జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో రాశాడు. రెండూ చెప్పి, ఎవరిది ఒప్పో మీరు తేల్చకండి. "ఆ చోట ఎవరున్నా అదే చేయాలా?" అని మాత్రం అడగండి. అవునంటే అది అందరి నీతి. "నాకైతే పర్లేదు" అంటే అది సొంత సౌకర్యం. బెజవాడ బస్టాండ్‌లో పన్నెండు దాటిన పిల్లకు వయసు తగ్గించి అర టికెట్ తీసుకోవడం ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. ఏడేళ్ల లోపు వాళ్లకు మాత్రం మినహాయింపుల జోలికి పోవద్దు. చెప్తే, హోంవర్క్ దగ్గరే అబద్ధాలు మొదలుపెడతారు.

పచ్చడి సంగతి అంత తేలిక కాదు. పోతన భాగవతంలో ప్రాణం, మానం, విత్తం పోయే వేళ బొంకవచ్చని శుక్రాచార్యుడే చెప్పినా బలి ఆడిన మాట తప్పలేదు. వెసులుబాటు ఉన్నా వాడుకోనివాణ్ణి తప్పుపట్టగలమా? ఆ కథల ప్రకారం కౌశికుడికి మినహాయింపు వాడుకోవడం తప్పనిసరి బాధ్యత, బలికి అది వెసులుబాటు మాత్రమే. మరి అమ్మమ్మ మనసు దేని కిందికొస్తుంది? ఆకు కడిగి, తడి ఆరేదాకా గుడ్డమీద పరిచి, నూనెలో మగ్గించి, డబ్బా కారకుండా నాలుగు కవర్లు చుట్టి పంపిన మనిషి ఆవిడ. నచ్చలేదన్న మాట ఆవిడకు చిన్న దెబ్బ కాదు. పిల్లాడి చేత బలవంతంగా అబద్ధం పలికించడమూ చిన్నది కాదు.

"నాకు కారం ఎక్కువైంది అమ్మమ్మా, ఎలా చేశావో చెప్పు" అనిపించండి. అందులో అబద్ధం లేదు, ఆవిడా సంతోషంగా చెప్తుంది. కానీ "నచ్చిందా లేదా?" అని ఆవిడ మళ్లీ అడిగితే ఏమనాలో నాకూ తేలడం లేదు.