శిక్షణ తేదీ కదలదు, వెర్షనే సర్దుకోవాలి: నా అనుభవం

రొయ్యల చెరువుల లెక్కలు రాసుకొనే ఆండ్రాయిడ్ యాప్ ఒకటి మేము నలుగురం కలిసి నడుపుతున్నాం. రోజూ వేసిన మేత, చెక్ ట్రేలో, అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్లెంలో, మిగిలిన మేత, నీటి ఉప్పుశాతం, వల విసిరి తీసిన కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయన్న లెక్క, అందులో నమోదవుతాయి. 2022 జూన్‌లో కావలిలో రైతులకు, టెక్నీషియన్లకు రెండు రోజుల శిక్షణ పెట్టుకున్నాం. హాలు మాట్లాడేశాం, పిలుపులు వెళ్లిపోయాయి. ఆ శిక్షణలో కొత్త వెర్షన్‌నే చూపించాలన్నది మా పట్టుదల.

అందువల్ల ప్రణాళికను చివరి నుంచి వెనక్కి లెక్కించాను. ప్లే స్టోర్‌లో విడుదలకు ముందు జరిగే సమీక్షకు ఏడు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పట్టవచ్చని గూగుల్ చెబుతుంది కనుక పది రోజుల ముందే పంపాలి. దానికి ముందు వారం కేవలం పరీక్షలకు. అంతకు ముందే కొత్త సదుపాయాలకు తలుపు మూసేయాలి. అలా లెక్కిస్తే చేతిలో మిగిలింది తొమ్మిది రోజులు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రొయ్య ఎక్కువగా గుల్ల విడుస్తుందని మన రైతులు మేత తగ్గిస్తారు; ఆ రోజులను ముందుగా గుర్తుచేసే ఏర్పాటు నాకెంతో ఇష్టమైనది, సగం రాసినది కూడా. దాన్ని పక్కన పెట్టడానికి మనసొప్పలేదు, అయినా పెట్టేశాను. మేత మార్పిడి నిష్పత్తి, అంటే కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క, మాత్రం ఉంచాను. 1,500 కిలోల మేతతో 1,200 కిలోల రొయ్య వస్తే 1.25 అని తెర మీద కనబడటమే రైతుకు ముఖ్యం.

అసలు గడువు కోడ్‌ది కాదని, పుస్తకానిదని తర్వాత తెలిసింది. శిక్షణ పుస్తకం నెల్లూరులో అచ్చుకు వెళ్లిన మర్నాడు మాలో ఒకరు ‘సేవ్’ బటన్‌ను ‘భద్రపరచు’ అని మార్చారు. మాట మంచిదే, కానీ అచ్చయిన బొమ్మల్లో ‘సేవ్’ అనే ఉంది. తెలుగు మీద ఎంత అభిమానమున్నా ఆ మార్పును వెనక్కి తీసుకున్నాం.

పరీక్షల వారంలో ముందస్తు కాపీని ముగ్గురు టెక్నీషియన్లకు ఇచ్చాను. రెండోరోజు పొద్దున్నే ఇందుకూరుపేట వైపు నుంచి ఫోను: “అన్నా, నొక్కితే తెరుచుకొని మళ్లీ మూసుకపోతా ఉండాది.” మా ఫోన్లలో అంతా బాగానే ఉంది. ఎందుకంటే మేము పాతది తీసేసి కొత్తగా వేసుకొని చూశాం. ఆయన మాత్రం పాత దాని మీదే వేసుకున్నారు. నీటి వివరాల పట్టికలో నేను ఒక గడి కొత్తగా చేర్చి, పాత పట్టికను కొత్త రూపంలోకి మార్చే మైగ్రేషన్ రాయడం మరిచిపోయాను. పాత పట్టికను చెరిపేసి కొత్తది సృష్టించుకొమ్మని ఒక్క వరుస రాస్తే యాప్ ఆగకుండా తెరుచుకొనేది, కానీ ఆయన తొంభై రోజుల లెక్కలు దాంతోపాటే చెరిగిపోయేవి. మూడు పాత వెర్షన్ల నుంచి మూడు మైగ్రేషన్లు రాసి, పాత లెక్కలున్న ఫోన్ల మీదే పరీక్షించేసరికి రెండు రాత్రులు గడిచాయి. అలాంటి ఫోను ఒక్కటైనా మొదటిరోజే చేతిలో పెట్టుకోకపోవడం పూర్తిగా నా తప్పు.

సమీక్ష నాలుగో రోజుకే పూర్తయింది. నెట్‌వర్క్ మీద నమ్మకం లేక, పాత యాప్‌కు వాడిన అదే తాళంతో (యాప్ మాదేనని రుజువు చేసే డిజిటల్ కీ) సంతకం చేసిన యాప్ ఫైలును పెన్ డ్రైవ్‌లో కూడా తీసుకెళ్లాను. తాళం వేరైతే ఆండ్రాయిడ్ పాత యాప్ మీద కొత్తదాన్ని ఎక్కనివ్వదు. హాలులో అందరి ఫోన్లలోనూ పాత లెక్కలతో సహా తెరుచుకుంది. ఉలవపాడు రైతు ఒకాయన మాత్రం, “మా మండలం ఇంకా ప్రకాశంలోనే చూపిస్తా ఉందేందబ్బా?” అన్నారు. 2022 ఏప్రిల్ 4 నుంచి కందుకూరు, ఉలవపాడు నెల్లూరు జిల్లాలోకి వచ్చాయి. మా జాబితా మాత్రం పాతదే. రాసుకున్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే మళ్లీ వచ్చి, అమావాస్య ఎప్పుడో ఇది చెబుతుందా అని అడిగారు.