ఆరళం అడవి అంచున కాగితపు రెక్కలు

కాచిగూడలో బయలుదేరి కేరళ తీరం వెంట మంగళూరు వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో నా పై బెర్తు సగం అట్టపెట్టెలకే సరిపోయింది. వాటిలో కాగితపు సీతాకోకచిలుకలు ఉన్నాయి. సీటు కిందకు తోయడానికి మనసొప్పక, కాళ్లు ముడుచుకుని వాటి పక్కనే పడుకున్నాను. కన్నూరులో దిగి, అక్కడి నుంచి 40 కిలోమీటర్లకు పైగా లోపలికి, ఇరిట్టి దగ్గర ఒక పాఠశాలకు వెళ్లాలి. హైదరాబాద్‌లో నా పని చూసిన జీవశాస్త్రం టీచర్ ఒకరు తమ పిల్లలకు, ఊరివాళ్లకు ఇవి చూపించమని పిలిచారు. జనవరిలోనే రమ్మని ఆమె పట్టుబట్టడానికి కారణం ఉంది. అది తరువాత చెబుతాను.

నేను పాత శుభలేఖలతో సీతాకోకచిలుకలు చేస్తాను. మన శుభలేఖల కాగితం మందంగా ఉంటుంది, మడత పెట్టిన చోట నిలబడుతుంది, ఆ మెరుపు ఏ రంగుల దుకాణంలోనూ దొరకదు. ప్రతి సీతాకోకచిలుకనూ అసలు కొలతలోనే చేస్తాను. దాని గొంగళిపురుగు ఏ మొక్క ఆకు తిని పెరుగుతుందో ఆ ఆకును కూడా కాగితంతో చేసి, దానిమీదే కూర్చోబెడతాను. పువ్వు మీద కూర్చోబెట్టను. తేనె ఎన్నో పువ్వుల్లో దొరుకుతుంది. గుడ్డు పెట్టడానికి మాత్రం చాలా రకాలకు ఫలానా మొక్కే కావాలి, అది లేకపోతే వాటి సంతతి అక్కడితో ఆగిపోతుంది. ఈ సంగతి పువ్వు బొమ్మతో చెప్పలేం.

ఈ ప్రదర్శనకు పడమటి కనుమల రకాలే తెచ్చాను. మొదటిది సదరన్ బర్డ్‌వింగ్, మలయాళీలు గరుడశలభం అంటారు. నల్లటి ముందు రెక్కలు, బంగారు పసుపు వెనుక రెక్కలు. 1932 నాటి ఒక కొలతలో దీని రెక్కల వెడల్పు 190 మిల్లీమీటర్లు తేలింది, దేశంలో అతి పెద్దదన్న పేరు చాలా ఏళ్లు దీనిదే. 2020లో ఉత్తరాఖండ్‌లో 194 మిల్లీమీటర్ల గోల్డెన్ బర్డ్‌వింగ్ నమోదయ్యాక ఆ పేరు దానికి వెళ్లింది. రెండోది బుద్ధమయూరి. 2018లో కేరళ దీన్ని రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించింది. పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. దాని నీలాకుపచ్చ పట్టీ రంగు వల్ల వచ్చేది కాదు, రెక్కమీది పొలుసుల అమరికలో వెలుగు పడి అలా కనిపిస్తుంది, అందుకే చూసే కోణం మారితే ఛాయ మారుతుంది. ఆకుపచ్చ రేకు అంటించిన శుభలేఖ మీద నీలం బటర్ పేపర్ పరిచి ఆ మార్పులో కొంతైనా పట్టుకున్నాను. మూడోది వనదేవత, ఇంగ్లీషులో మలబార్ ట్రీ నింఫ్. పల్చని తెల్ల రెక్కలు, నల్ల చుక్కలు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ముప్పు అంచున ఉన్న రకాల్లో చేర్చింది.

చేరిన రాత్రే పాఠశాల హాలులో అమర్చి వెళ్తే, తెల్లవారేసరికి వనదేవత రెక్కలన్నీ చుట్టుకుపోయి ఉన్నాయి. మా ఊరి పొడిగాలిలో చదునుగా ఉండే బటర్ పేపర్ ఆ తేమకు ఆగలేదు. పాఠశాల ఆయా ఇస్త్రీపెట్టె తెచ్చారు. పైన ఒకటి, కింద ఒకటి మాతృభూమి పత్రిక కాగితం వేసి, కాగితం మాడనంత వేడితో, ఒక్కొక్క రెక్కే ఒత్తుతూ ఇద్దరం కూర్చున్నాం. ఆమెకు తెలుగు రాదు, నాకు మలయాళం రాదు. ఆ ఉదయమంతా చేతులతోనే మాట్లాడుకున్నాం. తలుపులు తెరిచేసరికి అన్నీ గోడ మీదికి చేరాయి.

వచ్చినవాళ్లలో చాలామంది మొదట అడిగింది, ఇవి నిజమైనవా అని. కాగితమని తెలిశాక కొందరి ముఖంలో నిరాశ కనిపించింది. అది నాకు బాధ కలిగించింది. ఎండబెట్టి, సూది గుచ్చి, అద్దం వెనుక పెట్టిన సీతాకోకచిలుకను గోడ అలంకారంగా అమ్ముకోవడం నేను ఎన్నటికీ ఒప్పుకోలేను. రెక్కల వంపు, చుక్కల వరస చూడాలన్న ఆశ మంచిదే, దాన్ని తీర్చడానికి కాగితం చాలు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చారు. కేరళవాళ్లు కట్టే తెల్ల పంచె ముండు, చేతిలో గొడుగు. గరుడశలభాన్ని ఒక్క చూపు చూసి వదిలేశారు. దాని కింద వేలాడుతున్న కాయ దగ్గర ఆగిపోయారు. గరుడశలభం గుడ్లు పెట్టే ఈశ్వరి తీగ కాయ అది. ఎండి పగిలినప్పుడు తొడిమ వైపు నుంచి ఆరు పాయలుగా విచ్చుకుని, దారాలు కట్టిన ఉట్టిలా వేలాడుతుంది. గోధుమరంగు శుభలేఖ కవరు కత్తిరించి, దారాలు పేని నేను చాలా ఓపికగా చేసిన భాగం అదే. ఇంతవరకు ఏ ప్రదర్శనలోనూ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

“గరుడక్కొడి,” అని ఆ తీగను మలయాళం పేరుతో పిలిచారావిడ, వేలితో ముట్టుకుంటూ. తరువాత నా వైపు తిరిగి “మోళే”, అంటే అమ్మాయీ అని పిలిచి, ఏదో గబగబా చెప్పుకుపోయారు. టీచర్ నాకు అర్థం చెప్పారు. చిన్నప్పుడు వాళ్ల పెరటి కంచె నిండా ఈ తీగే ఉండేదట. పాము కరిస్తే దీని వేరు నూరేవారట. కంచె తీసి ఇటుక గోడ కట్టించిన ఏడాది తీగ పోయింది. పసుపు రెక్కల పెద్ద పక్షి లాంటిది ఇంటి మీదుగా ఎగరడం ఎప్పుడు మానేసిందో మాత్రం ఆవిడ గమనించలేదు.

“ఆ రెండూ ఒకటే సంగతి, అమ్మమ్మా,” అని టీచర్ మెల్లగా చెప్పారు. ఆవిడ మళ్లీ వెళ్లి, ఈసారి సీతాకోకచిలుకను చాలాసేపు చూశారు.

అది విన్న ఒక తండ్రి, నర్సరీలో ఆ జాతి తీగ పెద్ద పూలతో దొరుకుతుంది, కొని నాటవచ్చా అని అడిగారు. టీచర్ వద్దని గట్టిగా చెప్పారు. అందం కోసం తెచ్చిన విదేశీ రకాల మీద కూడా తల్లి గుడ్లు పెట్టవచ్చు, కానీ ఆకు తిన్న గొంగళిపురుగులు బతకకపోవచ్చు. ఆస్ట్రేలియాలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్‌కు అదే జరిగింది. అక్కడ విదేశీ తీగలను పీకించి, స్థానిక తీగను ఇళ్లలో, బడుల్లో నాటించారు.

మర్నాడు పొద్దున్నే అడవికి వెళ్లాం. జనవరి రహస్యం ఇదే. ఆరళం అభయారణ్యం 1984లో ఏర్పడింది, విస్తీర్ణం 55 చదరపు కిలోమీటర్లు, అవతల కర్ణాటక బ్రహ్మగిరి అడవులు. ఇక్కడ 260కి పైగా సీతాకోకచిలుక జాతులు నమోదయ్యాయి. 2025లో దీన్ని సీతాకోకచిలుకల అభయారణ్యంగా మార్చాలని కేరళ నిర్ణయించింది. చలికాలంలో కామన్ ఆల్బట్రాస్ అనే తెల్లని రకం ఈ దారిన గుంపులుగా సాగిపోతుంది.

వళయంచాల్ గేటు దాటి, అటవీ శాఖ వాచర్ వెంట చీంకణ్ణి నది ఒడ్డుకు దిగాం. తడి ఇసుక మీద అవి రెక్కలు మూసుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుని ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూశాను. చుట్ట చుట్టుకున్న నాలుక విప్పి ఇసుకలో గుచ్చి పీలుస్తున్నాయి, వెనుక నుంచి చుక్క చుక్కగా నీరు వదిలేస్తున్నాయి. వాటికి కావలసింది నీళ్లు కావు, నీళ్లలోని ఉప్పు. ఇలా తాగేవాటిలో దాదాపు అన్నీ మగవే. ఆ ఉప్పు జత కట్టినప్పుడు ఆడదానికి, దాని నుంచి గుడ్లకు చేరుతుంది. నీడ పడగానే అన్నీ ఒక్కసారి లేచి, నా భుజాల మీదుగా వెళ్లి, మళ్లీ అక్కడే వాలాయి.

వనదేవత కనిపించలేదు. తిరిగి వచ్చేటప్పుడు వాచర్ ఒక చెట్టు దగ్గర ఆపారు. మొదలంతా శంకువుల్లాంటి లావు ముళ్లు. అది ముళ్లిలం, బుద్ధమయూరి గుడ్లు పెట్టే చెట్టు. కొంకణ తీరంలో చేపల కూరలో వేసే తిర్ఫల్ కాయలు కూడా దీనివే. నేను దీని ఆకులు చేశానే కానీ మానును అంత దగ్గరగా చూడటం అదే మొదలు. తోట శుభ్రం చేసేటప్పుడు ముళ్లున్నాయని దీన్నే ముందు నరుకుతారని ఆయన చెప్పారు. నోట్‌బుక్ కాగితం మానుకు ఆనించి, పెన్సిలుతో రుద్ది ఆ ముళ్ల అచ్చు తీసుకున్నాను.

గరుడశలభాన్ని, దాని తీగను పాఠశాలకే ఇచ్చి వచ్చాను. వానలు మొదలవగానే అసలు తీగను బడి కంచె వెంట నాటిస్తానని టీచర్ మాట ఇచ్చారు.

ఇంటికొచ్చాక క్రిమ్సన్ రోజ్ మొదలుపెట్టాను. ఎర్రటి ఒళ్లు, తెల్ల పట్టీల నల్ల రెక్కలు, మన ఊళ్లలో ఇప్పటికీ తిరిగే రకమే. దీని గొంగళిపురుగు తినేది కూడా ఈశ్వరి ఆకే. ఆ ఆకు ఒక్కోచోట ఒక్కో ఆకారంలో ఉంటుంది, మన నేలలో పెరిగిన తీగనే చూసి చేయాలని నా పట్టుదల. మీ ఊళ్లో ఏ కంచె మీదనైనా అది ఇంకా పాకుతుంటే, పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీసి పంపండి. ఆకు కోయకండి, కొలత చాలు.