కొంగ తెల్లగా రావడానికి నాకు నెల పట్టింది

కెమెరాతో తిప్పలు పడి మొత్తానికి సాధించాను. ఈ పొద్దున ముక్తేశ్వరం దగ్గర దమ్ము చేలో తీసిన కొంగ ఫొటోలో ఈకలు లెక్కపెట్టుకోవచ్చు.

షట్టరు, అంటే కెమెరా లోపలికి వెలుగుని రానిచ్చే సమయం, మొదటిరోజే అర్థమైంది. కోటిపల్లి రేవులో పంటు దిగుతున్న జనం సెకనులో 1/30 వంతు దగ్గర చెదిరిపోయారు, 1/500 దగ్గర నీటి తుంపర కూడా ఆగిపోయింది. ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 100ని 200 చేస్తే ఫొటో వెలుగు రెట్టింపు, మరీ పెంచితే గరుకు. అపెర్చరు (లెన్సులో వెలుగు వచ్చే కన్నం) ఒక పూట తికమకపెట్టింది, దాని ఎఫ్ అంకె పెద్దదైతే కన్నం చిన్నది. లెన్సు మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ని ఆ అంకెతో భాగించాలని తెలిశాక చిక్కు వీడింది: 50 మిల్లీమీటర్లలో ఎఫ్ 5 అంటే కన్నం 10 మిల్లీమీటర్లు, ఎఫ్ 10 అంటే 5.

నన్ను ఏడిపించింది వెలుగు సరిపోయిందో లేదో చెప్పే మీటరు. దాళ్వాకి దమ్ము పడుతోంది, ట్రాక్టరు వెనకే కొంగలు. అన్నీ మనమే మార్చుకునే మాన్యువల్లో పెట్టి, మీటరు ముల్లు సరిగ్గా సున్నా మీదకి తెచ్చి నలభై ఫొటోలు తీశాను. ఎండలో కెమెరా తెర మీద బాగానే కనిపించాయి. ప్రింట్లకని టౌన్లో స్టూడియోకి వెళ్తే, ఆయన పెద్ద మానిటరు మీద తెరిచి, పెళ్ళి ఆల్బం కోసం కూర్చున్నవాళ్ళందరి ముందూ, "కొంగ ఫొటో అన్నారు, ఇందులో కొంగేదండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నల్లటి బురద బూడిదలా వచ్చింది, కొంగ ఉండాల్సిన చోట ఉత్త తెల్ల మచ్చ. ఎక్కడ తప్పిందండీ అని అడిగాను. "అనుభవం మీద వస్తుందండీ" అని మౌసు పక్కకి తోశాడు. ఏళ్ళ తరబడి ఆ పని మీద బతుకుతున్న మనిషి ఒక్క ముక్క చెబితే ఏం తరిగిపోతుంది? అడిగినవాడికి విద్య దాచడం పాపం, ఎవరేమన్నా సరే నా మాట ఇదే.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారి అరుగు మీద అమ్మమ్మ తెల్లచీర ఒకటి, నల్లగొడుగు ఒకటి పరిచాను. విడివిడిగా, ఫ్రేము నిండా, రెండుసార్లూ ముల్లు సున్నా మీద పెట్టి తీశాను. రెండూ ఒకే బూడిదరంగు! మీటరుకి తెలుపూ నలుపూ తెలియవు. ఎదురుగా ఏది ఉన్నా పద్దెనిమిది శాతం వెలుగు తిప్పికొట్టే మధ్యరకం బూడిదే అనుకుంటుంది. ఫ్రేము నిండా బురద ఉంటే వెలుగు చాల్లేదనుకుని పెంచమంటుంది, పెంచితే మధ్యలో కొంగ వెలుగెక్కువై ఉత్త తెల్ల మచ్చ అయిపోతుంది. ఇది ఎవరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను.

ఈ పొద్దున ఐఎస్‌ఓ 400, ఎఫ్ 8, 1/1000. మీటరు చెప్పినదానికి స్టాపున్నర తక్కువ (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగం, పెంచితే రెట్టింపు). బురద నల్లగా, కొంగ తెల్లగా వచ్చాయి. ఎండలో తెరని నమ్మకండి, హిస్టోగ్రాం (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫు) చూడండి, అది కుడి గోడకి గుద్దుకుంటే తెలుపు పోయినట్టే. కొబ్బరితోటలో పొగమంచుకైతే దీనికి తిరగేసి, ఫ్రేము నిండా తెలుపే కనక ఒక స్టాపు పెంచాలి. మధుపర్కాల్లో పెళ్ళికూతురు ఫ్రేము నిండా ఉన్నా అంతే.

ప్రింటు రాజమండ్రిలో వేయించుకుంటాను. ఆ స్టూడియో గడప మళ్ళీ తొక్కను.