మేరీని రాణిని చేసిన ఊరు

మా అమ్మాయి ఉండేది ఇంగ్లండ్‌లో, సఫోక్ జిల్లా ఇప్స్‌విచ్‌లో. అక్కడున్న నెల రోజులూ పొద్దున్నే క్రైస్ట్‌చర్చ్ పార్కులో నడవడం అలవాటైంది. ఆ పార్కులో 1903లో కట్టిన రాతి స్మారకం ఒకటి ఉంది. దాని మీద 9 పేర్లు. ప్రొటెస్టంటు మతాన్ని వదలనన్నందుకు నిలువునా తగలబెట్టిన మనుషులవి. వారిలో ఎక్కువ మందిది కాథలిక్ రాణి మొదటి మేరీ కాలం. ఒక పేరు దగ్గర రోజూ నా అడుగు ఆగేది. ఆలిస్ డ్రైవర్. సఫోక్ పల్లెటూరి రైతుబిడ్డ. విచారణలో పెద్ద చదువుల పండితులతో వాదానికి దిగి, నేను విశ్వవిద్యాలయంలో చదవలేదు, మా నాన్న ముందు నాగలి తోలినదాన్ని అన్నదట. ఆమెను కాల్చింది 1558 నవంబరు 4న. సరిగ్గా 13 రోజులకు రాణీ పోయింది.

అందుకే "ఫ్రామ్లింగమ్ కోట చూద్దాం అమ్మా, మేరీ రాణి అయింది అక్కడే" అని అమ్మాయి అన్నప్పుడు నాకు పెద్దగా ఉత్సాహం రాలేదు. ఆ ముందు వారమే లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆమె సమాధి చూశాను. చూశాను అనడం కూడా తప్పే. అక్కడ పాలరాతిలో పడుకుని కనిపించేది చెల్లెలు ఎలిజబెత్. ఆమె 1600 చివరి రోజున సంతకం పెట్టిన పత్రంతోనే ఈస్టిండియా కంపెనీ పుట్టింది. 1611లో ఆ కంపెనీ ఓడ మా బందరు తీరానికి వచ్చింది. ఆ లెక్కన ఎలిజబెత్‌ను ఒకసారి పలకరించాల్సిందే. మేరీ శవపేటిక మాత్రం ఆ విగ్రహం కింద, చీకటి గదిలో. సింహాసనంలోనూ సమాధిలోనూ భాగస్వాములమైన ఎలిజబెత్, మేరీ అనే అక్కచెల్లెళ్లం ఇక్కడ నిద్రిస్తున్నామని లాటిన్‌లో చెక్కిన మాట తప్ప ఆమెకు మరో గుర్తు లేదు. ఇదంతా 1606లో కొత్త రాజు జేమ్స్ చేసిన ఏర్పాటు. అక్కను గానీ చెల్లెలిని గానీ అడిగి ఉంటే ఒప్పుకునేవారని నేననుకోను.

అక్టోబరులో ఒక శనివారం రైలెక్కాం. వుడ్‌బ్రిడ్జ్ దగ్గర డెబెన్ నది పట్టాలను ఒరుసుకుంటూ వస్తుంది. ఆటుకు నీళ్లు వెనక్కి పోయి, పడవలు బురదలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. విక్‌హమ్ మార్కెట్ స్టేషన్‌లో దిగాం. తమాషా ఏమిటంటే ఆ స్టేషన్ ఆ ఊళ్లో లేదు, పక్క ఊళ్లో ఉంది. ఫ్రామ్లింగమ్‌కు అక్కడి నుంచి టాక్సీలో వెళ్లాలి.

ముందు సెయింట్ మైకేల్ చర్చిలోకి వెళ్లాం. అక్కడ హెన్రీ ఫిట్జ్‌రాయ్ సమాధి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మేరీ తండ్రి ఎనిమిదో హెన్రీ రాజుకు పెళ్లి బంధం బయట పుట్టిన కొడుకు, మేరీ కన్నా మూడేళ్లు చిన్న. మగపిల్లవాడు కాబట్టి ఆరేళ్లకే డ్యూక్‌ను చేశారు, 17వ ఏట చనిపోయాడు. సమాధి చుట్టూ బైబిల్ పాత నిబంధన కథలు చిన్న చిన్న బొమ్మలుగా చెక్కారు. ఒక్కొక్క బొమ్మ మన అరచేయంత కూడా ఉండదు. ధర్మపత్నికి పుట్టిన మేరీని మాత్రం, తల్లి పెళ్లే చెల్లదని తేల్చి, పసిబిడ్డ ఎలిజబెత్ పరివారంలోకి నెట్టారు. 1536లో తల్లి చనిపోతుంటే కడసారి చూపుకు కూడా పంపలేదు. కొడుకు కోసం ఆ తండ్రి పడ్డ ఆరాటమే చివరికి కూతురికీ అంటుకుంది. 38 ఏళ్ల వయసులో, తనకన్నా 11 ఏళ్లు చిన్నవాడైన స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ను పెళ్లి చేసుకుంది. 1555 వేసవిలో బిడ్డ పుట్టిందని చాటే ఉత్తరాలు తేదీకి ఖాళీ వదిలి ముందే రాయించి పెట్టారు. ఏప్రిల్ 30న లండన్‌లో పుట్టని బిడ్డ కోసం గంటలు కూడా మోగించారు. నెలలు గడిచాయి. బిడ్డ లేదు, అసలు గర్భమే లేదు.

కోట లోపల రాజభవనం ఏదీ మిగల్లేదు. పచ్చిక, ఒక పక్క తరువాతి కాలంలో కట్టిన పేదల వసతి భవనం. చుట్టూ 10 మీటర్లకు మించిన గోడ, 13 బురుజులు. బురుజుల మీద మెలికలు తిరిగిన ఇటుక పొగగొట్టాలు. చాలావాటి కింద పొయ్యే లేదట! కోట అప్పటి యజమానులు దర్జా కోసం పెట్టించినవి. మేరీ వచ్చేనాటికే అవి ఉన్నాయి.

1553 జులై 6న తమ్ముడు ఆరో ఎడ్వర్డ్ 15 ఏళ్లకే చనిపోయాడు. లండన్ పెద్దలు మేరీని కాదని, బంధువుల అమ్మాయి జేన్ గ్రేను రాణిగా ప్రకటించారు. మేరీ వాళ్ల చేతికి చిక్కకుండా తూర్పుకు పరుగెత్తి, జులై 12న ఈ కోటకు చేరింది. చుట్టుపక్కల దొరలు, రైతులు, కూలీలు వచ్చి చేరారు. ఆమెను అడ్డుకోవడానికి పంపిన ఓడల నావికులు కూడా ఇటు తిరిగారు. వారంలోనే లండన్ మాట మార్చింది. జులై 20న సైన్యాన్ని చూడబోతే ఆ సందడికి ఆమె గుర్రం బెదిరింది. సిపాయిలు చేతులు అందించి కిందికి దించారు. అప్పుడు నడిచే వెళ్లి, ఒక్కొక్క వరుస దగ్గరా ఆగి మాట్లాడింది. తన కోసం జనం ప్రాణాలొడ్డడం 37 ఏళ్లలో ఆమె మొదటిసారి చూసి ఉంటుంది.

అక్కడ చేరిన రైతుల్లో ఎందరు ప్రొటెస్టంట్లో! రాజు కూతురిని కాదని వేరొకరినా అన్న పట్టుదలతో వచ్చినవాళ్లు. రెండేళ్లు తిరక్కుండానే చితులు మొదలయ్యాయి. ఆమె ఏలిన ఐదేళ్లలో దాదాపు 280 మందిని కాల్చారు. ఆడదైనా రాజుకున్న అధికారమంతా రాణికీ ఉంటుందని 1554లో చట్టం చేయించింది కూడా ఈమే. చెల్లెలు 44 ఏళ్లు ఏలింది ఆ చట్టం నీడలోనే. ఆ మాట చెప్పి 280 మందిని తక్కువ చేయలేను. ఆ లెక్క చెప్పి ఈ మాటను దాచనూ లేను.

గోడ మీద నడక పూర్తిచేసేసరికి ఎండ వాలింది. గాలికి మా అమ్మాయి నా శాలువా చెవుల మీదికి లాగి కట్టింది. ఊరి అవతల పొలాలు అప్పుడే దున్ని వదిలేసినట్టున్నాయి. నాగటి చాళ్లు తిన్నగా వెళ్లి కంచె దగ్గర ఆగాయి. టాక్సీ వచ్చి కింద హారన్ కొడుతున్నా, ఆలిస్ ఊరు ఎటువైపు ఉంటుందా అని ఇంకాసేపు చూస్తూ నిలబడ్డాను.