అత్యవసర ఫైలులో లేని ఇద్దరు

మా వైద్య పరిశోధనా ప్రాంగణంలో అత్యవసర ప్రణాళిక పేరుతో లావుపాటి ఇంగ్లీషు ఫైలు ఒకటి ఉంది. దాన్ని తయారుచేసిన వారిలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఇక్కడ చెప్పే లోపాల్లో నా వాటా నాకుంది. రాత్రి పదింటి తరువాత ఆ భవనంలో ఉండేది వాచ్‌మెన్, తెల్లవారుతూనే తలుపులు తీసి అడుగుపెట్టేది తుడిచే ఆయమ్మ; ఈ ఇద్దరూ ఏం చేయాలో ఆ ఫైలులో ఒక్క వాక్యం కూడా లేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటక ముందే నెల్లూరును వాన ముంచెత్తింది. ఆ రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకుంది గాని, పరిశోధన నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉన్న లైనును దానికి కలపలేదన్న సంగతి మాకెవరికీ తెలియదు. ఫ్రీజర్ అలారం మోగితే వాచ్‌మెన్ వెళ్లి బొత్తాం నొక్కి ఆపేశాడు. మర్నాడు అతని రిజిస్టరు చూస్తే, "పెట్టె కూత పెడతా ఉంటే ఆపినాను, 1.40" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ కూత ఎందుకో, తలుపు తెరవకుండా ఎవరికి ఫోను చేయాలో ఆ పెట్టె మీద తెలుగులో రాసిపెట్టనిది మేమే. అలాంటప్పుడు నమూనాలను కాపాడడానికి డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) బయటినుంచి తెప్పించుకోవచ్చని ఫైలులో ధీమాగా రాసుకున్నాం. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు పక్కనే ఉన్న పడుగుపాడు దగ్గర రైలు కట్టా, జాతీయ రహదారీ తెగిపోయిన సంగతి అది రాసేటప్పుడు గుర్తుకు రాకపోవడం విచిత్రమే.

ఆయమ్మకు జరిగింది ఇంకా చిన్న విషయంలా కనిపిస్తుంది. సూదులు వేయవలసిన తెల్ల డబ్బాను వదిలి ఎవరో పసుపు సంచిలో పడేసిన సూది ఆమె వేలికి గుచ్చుకుంది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని పని ముగించుకుంది, మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు. గుచ్చుకున్న చోటును పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులను వీలైతే 2 గంటల్లోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. "ఇదంతా మాకెవురు జెప్పినారు సార్?" అని ఆమె అడిగింది. మందులు సమయానికే అందాయి.

ఆ తరువాత ఇద్దరికీ తెలుగులోనే శిక్షణ మొదలుపెట్టాం. అన్నింటికంటే కష్టమైనది ద్రవ నైట్రోజన్, అంటే అతి చల్లగా ద్రవంగా మార్చిన నైట్రోజన్, ఉండే గది. ఒక లీటరు ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువై గదిలోని ఆక్సిజన్‌ను తోసేస్తుంది. రంగూ వాసనా ఉండవు, ఊపిరాడడం లేదని తెలిసేలోపే మనిషి కూలిపోతాడు. అందుకే ఆక్సిజన్ తగ్గిందని హెచ్చరించే మీటరు మోగితే, లోపల ఎవరైనా పడి ఉన్నా సరే, శ్వాస పరికరం లేకుండా లోపలికి పోవద్దనీ, 101కి ఫోను చేసి బయటే ఉండాలనీ చెప్పాను. వాచ్‌మెన్ చాలాసేపు ఆలోచించి, "పడిపోయిన మనిషిని చూస్తా బయట నిలబడమంటే ఎట్టా సార్?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారం ఆ గది చెక్క తలుపు తీయించి అద్దపు తలుపు పెట్టించాం, గాలి లాగే ఫ్యాను స్విచ్చిని గది బయటికి, అతని చేతికి అందే ఎత్తుకు మార్పించాం.