చిప్ప మీద కొట్టించిన పేరు

లండన్‌లో అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియం చూడాలన్నది నా పట్టుదల. అదీ మన అమరావతి రాళ్ళ కోసమే. వాటి మీద బ్రాహ్మీ లిపిలో 'ఫలానా వారి దానం' అని ఉంటుంది కదా, ఒక్కసారి కళ్ళారా చూడాలని. చూశాను. తర్వాత మనవడు వేలు పట్టుకుని గ్రీకు కుండల వైపు లాక్కుపోయాడు.

అక్కడ ఒక చిప్ప దగ్గర ఆగిపోయాం. దాని మీద గీసిన మాటలకి అర్థం ఇది: 'సోస్ట్రాటోస్ నన్ను అఫ్రోడైటీకి సమర్పించాడు'. అఫ్రోడైటీ అంటే గ్రీకుల ప్రేమ దేవత.

"అమ్మమ్మా, నన్ను అంటే ఎవర్ని?"

"చిప్పనేరా. అదే మాట్లాడుతోంది."

వాడు అద్దానికి చెవి ఆనించాడు.

క్రీ.పూ. 600 ప్రాంతపు చిప్ప అది. దొరికింది గ్రీసులో కాదు, ఈజిప్టులో. నైలు డెల్టాలోని నౌక్రాటిస్ గ్రీకు వర్తకుల రేవుపట్నం. 1884లో పురావస్తు పరిశోధకుడు పెట్రీ ఆ చోటు గుర్తుపడితే, ఏడాది తర్వాత మరో పరిశోధకుడు గార్డ్‌నర్ అఫ్రోడైటీ గుడి తవ్వాడు. గుడికిచ్చిన పాత్ర పగిలినా బయటికి పోకూడదు, ఆవరణలోనే పూడ్చేవారు. మనకి ఇన్ని పెంకులు మిగిలింది అందుకే.

చాలావాటి మీద అక్షరాలు కాల్చిన కుండ మీద మొనతో గీసినవే. వంకరటింకరగా ఉంటాయి. కియోస్ అనే గ్రీకు దీవి పాత్రలు కొన్నిటి మీద మాత్రం కాల్చకముందే రంగుతో రాశారు. అంటే మొక్కు తీర్చేవాడు ముందే చెప్పి చేయించుకున్నాడన్నమాట. మా అమ్మ ఇత్తడి చెంబు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకున్నది గుర్తొచ్చింది. కాకపోతే మా చెంబు ఎప్పుడూ 'నేను' అనలేదు.

ఇంటికొచ్చాక మ్యూజియం వెబ్‌సైట్‌లో నౌక్రాటిస్ పెంకులు వెతుకుతూ కూర్చున్నాను. వైను, నీళ్ళు కలిపే ఓ పెద్ద పాత్ర ముక్కలు కనిపించాయి. అంచు మీద 'గ్లౌకోస్ కొడుకు ఫానేస్ నన్ను మిలేటస్ అపోలోకి సమర్పించాడు' అని ఉంది. మిలేటస్ ఒక గ్రీకు నగరం, అపోలో గ్రీకుల దేవుడు. ఫానేస్ పేరు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన చరిత్రలోనూ వస్తుంది. ఈజిప్టు రాజు అమసిస్ దగ్గర కిరాయి సైనికుడు, పర్షియా రాజు కాంబిసెస్ పక్షానికి ఫిరాయించాడు. ఆ కోపంతో పాత తోటివాళ్ళు అతని కొడుకుల్ని తండ్రి కళ్ళెదుటే ఒక కలిపే పాత్ర మీద పట్టుకుని గొంతులు కోసి, ఆ నెత్తుటిలో వైను, నీళ్ళు పోసి తాగి యుద్ధానికి దిగారట. ఆ సంగతి మనవడికి చెప్పలేదు.

పాత్ర ఇచ్చిన ఫానేస్, ఈ సైనికుడు ఫానేస్ ఇద్దరూ ఒకడేనా అన్నది పండితుల తగవు. తండ్రి పేరుతో పాటు ఇంటిపేరు కూడా గీసుంటే సరిపోను!